పొయ్యి దగ్గరి మనిషి మొహం ఎటు?

పెరట్లో వంటిల్లు కట్టించుకోవాలనుకునేవాళ్ళు మామూలుగా గట్టు మీద వేసే గ్రానైటు రంగుతో మొదలుపెడతారు. తర్వాత పైన రేకులా, తాటాకా అని తర్జనభర్జన పడతారు. లైట్ల సంగతి ఎలక్ట్రీషియన్‌కి వదిలేస్తారు. కుర్చీలంటారా, ఇంట్లో ఏవుంటే అవే. తీరా కట్టాక ఏమవుతుందంటే, ఆదివారం సాయంత్రం పదిమందీ చేరి కబుర్లలో ఉంటారు, వంట చేసే ఆవిడ మాత్రం ప్రహరీగోడ వైపు తిరిగి ఉంటుంది. ఆవిడ నీడ ఆవిడ దాకలోనే పడుతుంది. పులుసు చిక్కబడిందో లేదో వంగి వంగి చూసుకోవాలి. వెనక నవ్వులు వినిపిస్తాయి గానీ ఎందుకు నవ్వారో తెలియదు.

అందుకని ఈ పనిలో వరస మార్చమంటాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో ముందు తేల్చండి. దాన్నిబట్టి పొయ్యి దగ్గర నిలబడే మనిషి మొహం ఎటుండాలో తేలుతుంది. ఆ తర్వాత దీపాలు. గ్రానైటు రంగు ఆఖర్న చూసుకోవచ్చు, అది ఏదైనా నాలుగు వంటలకు మసి రంగులోకే వస్తుంది.

మాటవరసకి వట్లూరునే తీసుకుందాం. పెదపాడు మండలంలో ఉన్న ఊరు. ఇక్కడ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ 1989లో వచ్చింది. ఏలూరు పెరుగుతూ పెరుగుతూ ఇటు జరుగుతూనే ఉంది. ఒకవైపు కాలనీ ఇళ్ళు, నాలుగడుగులు వేస్తే వరిచేలు, చేపల చెరువులు, ఇంకా దక్షిణంగా పోతే కొల్లేరు. ఇలాంటి చోట 200 గజాల స్థలంలో ఇల్లు పోను వెనక 12, 14 అడుగుల పెరడు మిగిలితే గొప్ప. అందులోనే బోరు, బట్టల తీగ, కరివేపాకు చెట్టు, ఇప్పుడు ఈ వంటిల్లు.

వాస్తు మాట వద్దన్నా వస్తుంది, రానివ్వండి. పొయ్యి ఆగ్నేయం మూల, వండేవాళ్ళు తూర్పు ముఖంగా ఉండాలంటారు. దాన్ని పాటించి గట్టును తూర్పు గోడకు ఆనించి కట్టేస్తారు. ఆవిడ గోడవైపు తిరిగిపోయేది అక్కడే. నా సలహా ఏమిటంటే, గట్టును ఆ మూలనే ఉంచండి, కానీ గోడకు 6 అడుగులు ఎడంగా జరపండి. గోడ వెంబడి కూర్చోడానికి అరుగు కట్టించండి. అప్పుడు వండే మనిషి తూర్పుకే తిరిగి ఉంటుంది, ఎదురుగా అరుగు మీద కూర్చున్నవాళ్ళ మొహాలు కనిపిస్తాయి. వాస్తు చెప్పే పెద్దాయనకూ అభ్యంతరం ఉండదు. 6 అడుగుల్లో అరుగుకు అడుగున్నర పోతే, మధ్యలో నాలుగున్నర అడుగులు మిగులుతాయి. నూనె చిటపటలాడినా, పిల్లలు కాళ్ళు ఊపినా ఆ మాత్రం దూరం కావాలి.

ఇక పొగ సంగతి. ఇక్కడ వాస్తుకూ గాలికీ పడదు. వేసవి సాయంత్రాలు మన వైపు పైరగాలి దక్షిణం, ఆగ్నేయం మీంచి వస్తుంది. ఆగ్నేయం మూల కట్టెలు మండిస్తే పొగ నేరుగా వాయవ్యానికి, అంటే ఇంటి మీదికి, ఆరేసిన బట్టల మీదికి పోతుంది. కార్తీకం వచ్చేసరికి గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, పొగ దారీ మారుతుంది. ఏ ఒక్క చోట కట్టెల పొయ్యి కట్టినా ఏడాదిలో సగం కాలం ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకోవాల్సిందే. కనుక గట్టు మీద గ్యాస్ పొయ్యి స్థిరంగా ఉంచి, కట్టెల పొయ్యిని మాత్రం కట్టడంలో కలపొద్దు. ఇద్దరు మోయగలిగే ఇనుప పొయ్యి చాలు. ఆ రోజు గాలి ఎటుందో ఒక అగరుబత్తి వెలిగించి చూస్తే తెలుస్తుంది. పొగ ఎటు పోతోందో చూసి, అటు మనుషులు లేని చోట పొయ్యి పెట్టుకోవడమే. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి తవ్వేముందు వంటమేస్త్రి కూడా గాలివాటం చూస్తాడు. ఆ చూపు మనం ఇంట్లో ఎందుకు మర్చిపోతామో అర్థం కాదు.

వెలుతురు ఎక్కడ పడాలి

పెరటి వంటింట్లో వెలుతురుకు మూడు పనులున్నాయి. వండేచోట చూపు ఆనాలి, తినేచోట ముల్లు కనపడాలి, నడిచే దారిలో కాలు తడబడకూడదు. ఈ మూడింటినీ మధ్యలో వేలాడే ఒక్క పెద్ద ఫోకస్ లైటుతో సరిపెట్టడం అందరూ చేసే పని. దానివల్ల వండేవాళ్ళ వీపు మీద వెలుగు, దాకలో చీకటి, కూర్చున్నవాళ్ళ కళ్ళలో పోటు.

చేపల పులుసు కాచేటప్పుడు ఏం చూస్తామో గుర్తు తెచ్చుకోండి. ముక్కలు వేశాక గరిటె పెట్టం, ముక్క చెదిరిపోతుంది. దాక అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదుపుతాం. అంచుల వెంబడి ఎర్రటి నూనె తేలిందా, పులుసు మధ్యలో పెద్ద బుడగలు తగ్గి చిన్నవి వస్తున్నాయా, ముక్క అంచు విచ్చుకుంటోందా చూస్తాం. ఇదంతా చూపుతో తేలే విషయం, గడియారంతో కాదు. వెలుగు వెనకనుంచి వస్తే వీటిలో ఒక్కటీ కనపడదు. సరిగ్గా దాక మీదికి వేలాడదీసినా కుదరదు. ఆవిరి, నూనెమసి నెల తిరక్కుండా దీపాన్ని మూసేస్తాయి. గట్టుకు అవతలి అంచు మీదుగా, నేలనుంచి 7 అడుగుల ఎత్తులో, కుడి ఎడమలకు రెండు దీపాలు వేయించండి. ఒకదాని నీడను ఇంకొకటి చెరిపేస్తుంది. ఒక్కొక్కటి 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే చాలు. వాటికి లోతైన టోపీ ఉండాలి. అరుగు మీద కూర్చుని తలెత్తి చూడండి. వెలుగు కనపడాలి గానీ బల్బు కనపడకూడదు. కనపడిందంటే టోపీ లోతు చాలలేదన్నమాట.

బల్బు కొనేటప్పుడు అట్టపెట్టె మీద రెండు అంకెలు చదవండి. ఒకటి కెల్విన్. 6500 అని ఉంటే అది నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగు, 2700 లేదా 3000 అని ఉంటే పసుపు చాయ వెలుగు. పెరట్లోకి రెండోదే తీసుకోవాలి, ఎందుకో కిందే చెబుతాను. రెండో అంకె సీఆర్ఐ. అది 90 దాటితే కారం ఎరుపు ఎరుపుగా, కొత్తిమీర పచ్చ పచ్చగా కనిపిస్తుంది. 70 దగ్గరుంటే మాడిన ఉల్లిపాయకూ వేగిన ఉల్లిపాయకూ తేడా తెలియదు. బయట వంట మాడిపోయిందని వండినవాళ్ళను అనే ముందు బల్బు పెట్టె తిరగేయడం మంచిది.

చేప శుభ్రం చేసే చోటు వేరే సంగతి, దానికి విడిగా ఒక దీపం కావాలి. కొర్రమీను చేతిలో నిలవదు, బూడిద రాస్తేగానీ పట్టు దొరకదు. నేల మీద కత్తిపీట ముందు కూర్చుని కోసే మనిషికి వెలుగు ఎదురుగా, కాస్త ఎడమ పక్కనుంచి, తక్కువ ఎత్తులోంచి రావాలి. గోడకు 4 అడుగుల ఎత్తున కిందికి వంగిన చిన్న దీపం సరిపోతుంది. ఈ చోటు కుళాయికీ తూముకూ దగ్గరగా, కూర్చునే అరుగుకు దూరంగా ఉంచండి. పిల్లులు ఎలాగూ వస్తాయి.

కార్తీకమాసం పరీక్ష

మీ దీపాల ఏర్పాటు మంచిదో కాదో తేల్చే నెల ఒకటుంది. వనభోజనాలంటూ ఉసిరిచెట్టు వెతుక్కుంటూ జనమంతా బయట వంటకు దిగే కార్తీకమే. సరిగ్గా అప్పుడే మన డెల్టాలో సార్వా వరి పొట్టమీద, కంకిమీద ఉంటుంది. చీకటిపడేసరికి పచ్చదోమ, సుడిదోమ, పేరు తెలియని ఇంకెన్నో చిన్న పురుగులు దీపాల చుట్టూ మూగుతాయి. వట్లూరు లాంటి చేల అంచున ఉన్న ఊళ్ళో ఆ రోజుల్లో ట్యూబ్‌లైటు కింద మూత తీసిన గిన్నె పెట్టడమంటే పురుగులకు విస్తరి వేయడమే. వానాకాలం తొలకరికి ఉసుళ్ళు వచ్చేది ఒక రాత్రి ముచ్చట. ఈ పురుగుల బెడద అలా కాదు, రోజుల తరబడి ఉంటుంది.

పురుగు దీపం దగ్గరికి ఎందుకొస్తుందన్నది చాలాకాలం తేలని చిక్కు. లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు తోటివారితో కలిసి హైస్పీడ్ కెమెరాలతో గమనించి 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక వివరణ ఇచ్చారు. ఎగిరే పురుగు తన వీపును వెలుతురు వైపు తిప్పుకుంటుంది. ఆకాశం ఎప్పుడూ నేలకన్నా వెలుగ్గా ఉంటుంది కాబట్టి, వీపు వెలుగువైపు ఉంటే తాను తలకిందులు కాలేదని దానికి గుర్తు. పక్కన బల్బు వెలిగితే దానికే వీపు తిప్పుతుంది, దాంతో దారి వంకరపోయి అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది. అంటే దీపం పురుగును పిలవడం లేదు, దారినపోయేదాన్ని పట్టేస్తోంది. ఇది తెలిస్తే చేయాల్సిన పని తేలికవుతుంది. దీపం పక్కలకు, పైకి కనపడకుండా టోపీతో కప్పి, వెలుగంతా కిందికే పోనిస్తే దాని వలలో పడే పురుగులు తగ్గుతాయి. నీలం, అతినీలలోహిత కాంతి పురుగుల కళ్ళకు బాగా ఆనుతుంది. 6500 బల్బు వద్దని, 3000 బల్బు ముద్దని అన్నది అందుకే. ముదురు పసుపు బల్బులయితే పురుగులు ఇంకా తగ్గుతాయి కానీ దాక మీద అది వద్దు, పులుసు రంగే తెలియదు. దారిలో వాడుకోండి.

మారుటేరు వరి పరిశోధన స్థానంలో దీపపు ఎరలు పెట్టి దోమ ఉద్ధృతిని లెక్కగడతారు. ఆ ఎరనే ఇంటికి తెచ్చుకోవచ్చు. చేను వైపు మూలన, వంటిల్లుకు 25 అడుగుల దూరంలో 6500 కెల్విన్ల తెల్ల బల్బు ఒకటి వేలాడదీసి, కింద వెడల్పాటి బేసిన్‌లో నీళ్ళు పోసి నాలుగు చుక్కలు సబ్బునీళ్ళు కలపండి. ట్యూబ్‌లైటు కింద నీళ్ళ పళ్ళెం పెట్టడం, నూనె రాసిన కాగితం కట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నవే, ఇది కాస్త దూరం జరిపిన రూపం. చీకటి పడకముందే ఎర దీపం వేసెయ్యాలి, వంటింటి దీపాలు అవసరమైనప్పుడే వేసుకోవాలి. అందుకే ఎర దీపం స్విచ్చి విడిగా ఉండి తీరాలి. భోజనాలయ్యాక మరిచిపోకుండా ఆర్పండి. వరి పొద్దు తగ్గేకొద్దీ ఈనే మొక్క. రాత్రంతా వెలుగు పడే చేలో కంకి ఆలస్యమవుతుంది, పక్క రైతుతో తగువు మీకెందుకు?

మనుషుల్ని కుట్టే దోమలది మళ్ళీ వేరే కథ. అవి దీపం చూసి రావు, మన ఊపిరి, ఒంటి వేడి, చెమట వాసన పట్టుకుని వస్తాయి. గోదావరి జిల్లాలకు బోదకాలు కొత్త జబ్బు కాదు, దాన్ని మోసే క్యూలెక్స్ దోమ మురుగునీళ్ళలోనే పెరుగుతుంది. కాబట్టి పెరటి వంటింటి తూము కప్పి ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. దోమ గట్టిగా ఎగరలేదు, కాస్త గాలి కొడితే నిలదొక్కుకోలేదు. ఫ్యాను తలపైన పెడితే చల్లదనం తప్ప దోమల విషయంలో లాభం తక్కువ, అవి కుట్టేది పాదాలను కదా. స్టాండు ఫ్యాను తల కిందికి దించి, మోకాళ్ళ ఎత్తులో అరుగు వెంబడి గాలి పోయేలా పెట్టండి. మంటకు అడ్డంగా మాత్రం వద్దు.

ముల్లు కనపడాలి

రిసార్టుల ఫోటోలు చూసి తినేచోట మసక వెలుగు కావాలనేవాళ్ళు ఎక్కువయ్యారు. తీగలకు గుచ్చిన చిన్న చిన్న బల్బులు, చెట్టుకు రెండు లాంతర్లు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మన పెరట్లో తినేది శీలావతి, బొచ్చె. కండలో సన్నటి ముళ్ళుండే చేపలు. ఆరేళ్ళ పిల్లకు అమ్మ ముల్లు తీసి పెట్టాలంటే మసక వెలుగు పనికిరాదు. కొర్రమీను ఒక్కటే తింటామంటే మీ ఇష్టం, దాని ముళ్ళు తక్కువ. తీగబల్బులు గోడమీద ముచ్చటకు పెట్టుకోండి, కంచం మీద మాత్రం నిక్కమైన వెలుగు పడాలి, పసుపు చాయదే.

అదీ ఎదురుగా రావాలి. నేలమీద చాపలు పరిచి బంతి వేసేటప్పుడు దీపం కూర్చున్నవాళ్ళ వెనక గోడకు ఉంటే తల నీడ విస్తట్లో పడుతుంది. రెండు వరసలు ఎదురెదురుగా వేసి, వడ్డించేవాళ్ళు నడిచే మధ్య దారి మీదుగా దీపాల వరస వేస్తే రెండు వరసల విస్తళ్ళకూ వెలుగు అందుతుంది. మనిషికి 2 అడుగుల చోటు, మధ్య దారి 4 అడుగులు. పులుసు గిన్నెతో వంగి వడ్డించే మనిషి వెనక్కి అడుగు వేస్తే ఎవరి కంచమూ తొక్కకూడదు కదా.

తుంగచాప మీద కూర్చోవడం ఎంత హాయో చెప్పనక్కర్లేదు, లేవడమే కష్టం. అరవై దాటినవాళ్ళున్న ఇంట్లో కనీసం రెండు ఆసనాలు 18 అంగుళాల ఎత్తులో, చేతులు ఆనించుకోడానికి పిడులతో ఉండాలి. వీటిని ఓ మూల పెట్టకండి, వంట కనిపించే చోటే పెట్టండి. మామ్మగారు అక్కడినుంచే ఉప్పు సరిచూడమంటారు, అది ఆవిడ హక్కు. మిగతా అరుగు 16, 17 అంగుళాలుంటే పిల్లలకూ పెద్దలకూ సరిపోతుంది. గట్టు 33 అంగుళాలు మన ఆడవాళ్ళ ఎత్తుకు కుదురుతుంది. అయినా కొలిచి చూసుకోండి. మోచేయి మడిచినప్పుడు దాని కింద నాలుగైదు అంగుళాల దిగువన గట్టు ఉండాలి. దాన్ని ఆనుకుని ఎత్తు స్టూళ్ళు వేసుకోవాలంటే స్టూలు పీటకూ గట్టుకూ మధ్య 10 అంగుళాలు తగ్గకూడదు. నిజానికి మన భోజనానికి ఎత్తు స్టూలు నప్పదు, చేత్తో కలుపుకుని తినేటప్పుడు కాళ్ళు నేలకు ఆనాలి. టీ తాగడానికయితే ఫర్వాలేదు.

ఎవరి లెక్కలోకీ రాని ఆసనం ఒకటుంది, వండేవాళ్ళది. పులుసు మరిగే అరగంట ఆవిడ ఎక్కడ కూర్చోవాలి? నేను చూసిన పెరటి వంటిళ్ళలో చాలావాటికి ఈ ప్రశ్నకు జవాబు లేదు. గట్టుకు కుడిపక్కన, పొయ్యి కనిపించేలా, లేస్తే చేయి గరిటెకు అందేలా ఒక ఎత్తుపీట వేసి, అది ఎవరూ ఆక్రమించకూడదని ఇంట్లో చెప్పండి. వండేది ఆయనైతే ఆ పీట ఎలాగూ ముందే వెతుక్కుంటాడు.

మట్టి మాటా చెప్పుకోవాలి. కొల్లేరు వైపు వెళ్ళేకొద్దీ నల్లమట్టి, వేసవిలో నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద నేరుగా కట్టిన అరుగు ఒకే ఏడాదిలో ఓ పక్కకు ఒరుగుతుంది. రెండడుగులు తవ్వి ఆ మట్టి తీసేసి, ఇసుక, కంకర నింపి దిమ్మిసా కొట్టాకే కట్టండి. అంత ఖర్చు వద్దనుకుంటే కదిలే బల్లలే మేలు.

కరెంటు పనిలో మాత్రం పొదుపు చేయకండి. తడి చేతులు, తడి నేల, వాన, అన్నీ ఒకే చోట. బయట లైన్‌కు విడిగా 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్షించమనండి. దీపాల తొడుగుల మీద ఐపీ65 అని ఉండాలి, ఆరు దుమ్ముకు, ఐదు నీటి చిమ్ముడుకు. చెట్టుకు సర్వీసు వైరు చుట్టి బల్బు వేలాడదీయడం కుదరదు. గట్టు మీద ఒక దీపం, దారిలో ఒకటి ఇన్వర్టరుకు కలపండి. కరెంటు పోయేది సరిగ్గా నూనె కాగినప్పుడే.

ఇదంతా కాగితం మీద తేలాక కూడా తాపీమేస్త్రిని పిలవకండి. ముగ్గుపిండితో గట్టు, అరుగు గీతలు గీసి, సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చి, టెంటుహౌసు కుర్చీలు వేసి, ఎక్స్‌టెన్షన్ తీగతో వెదురుకర్రకు బల్బులు కట్టి ఒక రాత్రి నిజంగా వండుకుని తినండి. ఆ రాత్రి వండిన మనిషిని ఒక్కటి అడగండి: ఎవరెవరు ఏం మాట్లాడుకున్నారో నీకు వినిపించిందా, వాళ్ళ మొహాలు కనిపించాయా? లేదంటే గీతలు చెరిపి మళ్ళీ గీయండి. అవునంటే మర్నాడు ముందు తీగల పైపు పాతించి, ఆ తర్వాత నేల చేయించండి.